మేకుకు తగిలించే మాట

ఎవరు ఏ తుపాకీ చేతికిచ్చినా ఆర్డిస్ నీగార్డ్ ముందు దాని గొట్టాన్ని నేల వైపు వంచుతుంది. బోల్ట్ వెనక్కి లాగుతుంది. తూటా కూర్చునే గదిలోకి తొంగి చూస్తుంది. చూసింది చాలదన్నట్టు చిటికెన వేలు లోపలికి పెట్టి తడుముతుంది. అప్పుడు "ఖాళీ" అంటుంది. ఇచ్చిన మనిషి అంతకుముందే ఆమె కళ్లెదుటే చూసి ఇచ్చినా సరే, అంతా మళ్లీ మొదటినుంచి. ఒకసారి చర్చి విందులో ఎవరి మనవరాలో నీళ్ల తుపాకీ తెచ్చి ఇస్తే దాని మూత కూడా తీసి వేలు పెట్టింది.

"ఇది ఖాళీ కాదు," అంది తడిసిన వేలు చూపిస్తూ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. వేలు తుడుచుకుని బంగాళదుంపల గిన్నె పక్కవాళ్లకు అందించింది.

ఆల్డర్ ఫాల్స్‌లో ఆమె బతుకంతా స్కూలు బస్సు నడిపింది. చలికాలం చీకట్లో, మంచు తవ్విన దారుల్లో, పొలాల చివర నిలబడ్డ పిల్లల్ని ఎక్కించుకునేది. శనివారాల్లో గన్ క్లబ్బు చెక్కింట్లో ఆ పిల్లలకే వేట పాఠం చెప్పేది. ఆ పాఠం వినకుండా ఊళ్లో ఎవరికీ వేట లైసెన్సు రాదు. బస్సు ఎక్కిన పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లల్ని పంపారు. అందుకే ఊరంతటికీ ఆమె టీచర్. కలపలారీ నడిపిన మొగుడు లేలండ్ కూడా, బతికి ఉన్నన్నాళ్లూ, కోపం వచ్చినప్పుడు "సరే టీచర్" అనేవాడు.

పాఠంలో ఆమె కొన్ని మాటలు రానిచ్చేది కాదు.

"నీ చేతిలో ఉన్నదేంటి?"

"ఆయుధం, టీచర్."

"ఎవరి మీద యుద్ధానికి పోతున్నావు?"

"జింక మీద."

"యుద్ధమని జింకకి తెలుసా?"

పిల్లలు కిసకిస నవ్వేవాళ్లు. "తుపాకీ అను," అనేది ఆర్డిస్. "పెద్ద పేరు పెడితే నువ్వు పెద్దవాడివైపోయావనుకుంటావు. ముద్దు పేరు పెడితే అది కరవదనుకుంటావు. రెండూ వద్దు."

ప్రమాదం అన్న మాట కూడా ఆ గదిలో చెల్లేది కాదు. పిడుగు పడితే ప్రమాదం, తుపాకీ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు అనేది. ఆ మనిషి ఏం చేశాడో, ఏం చేయలేదో చెప్పమనేది.

దీని వెనకాల ఒక చావు ఉంది. ఆర్డిస్ చిన్నప్పుడు వాళ్లింట్లోనే ఉండే బాబాయి సిగర్డ్ ఒక మార్చి నెలలో కొట్టంలో చనిపోయాడు. తుపాకీ తుడుస్తుండగా పేలిందని పాస్టరు చెప్పాడు. పత్రికలోనూ అలాగే వచ్చింది. వంటలు పట్టుకుని పరామర్శకు వచ్చినవాళ్లంతా తుడుస్తుండగా, తుడుస్తుండగా అన్నారు. అంతకు ముందు రోజే బాబాయి తుపాకులన్నీ తుడిచి, నూనె రాసి గోడకు పెట్టడం ఆర్డిస్ చూసింది. గుడ్డ అందించింది తనే. వాళ్లమ్మకు చెప్పబోతే ఆమె గట్టిగా చెయ్యి పట్టుకుంది. అంతే.

ఆ మాట దయతోనే పుట్టింది. ఆ కుటుంబాన్ని తలెత్తుకుని తిరగనిచ్చింది. కానీ ఆ మాట వల్ల ఊరు నేర్చుకున్నది ఒక్కటే: తుపాకీ తుడిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని. తర్వాతి ఏళ్లల్లో మరో ఇద్దరు, ముగ్గురు మగవాళ్లు తుడుస్తూ పోయారు. దిగులుపడ్డ మనిషి ఇంట్లోంచి తుపాకీ కొన్నాళ్లు పక్కకు తీసి పెడదామని ఎవరికీ తోచలేదు. తోచడానికి దారి ఏది? ఊరి లెక్కలో దిగులుతో ఎవరూ చనిపోలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పాడి రైతు ఓర్విల్ టెస్కే కూతురు మార్నా ఆర్డిస్ ఇంటికి వచ్చింది. గ్రీన్‌బేలో ఆసుపత్రి వంటశాలలో పని చేస్తుంది. కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"ఆంటీ, నాన్న మాటలు నాకేం బాగాలేవు."

"ఏమంటున్నాడు?"

"ట్రాక్టరు ఎవరికివ్వాలో చెప్తున్నాడు. కుక్కని నన్ను తీసుకుపొమ్మంటున్నాడు. ఆ కుక్క లేకుండా ఆయన బాత్రూంకి కూడా వెళ్లడు."

ఓర్విల్ భార్య జాయిస్ అంతకుముందు ఏడు పోయింది. క్రిస్మస్ దాటాక ఆవుల మందను అమ్మేశాడు. వాళ్ల తాత నాటినుంచి ఆ పాక ఎన్నడూ ఖాళీగా లేదు.

"కౌంటీ వాళ్లకి ఫోన్ చేశాను," అంది మార్నా. "కొత్తగా ఏదో పథకం ఉందన్నారు. షెరిఫ్ ఆఫీసు పోలీసు ట్రెంట్ వెళ్లాడు. నాన్న మొహం మీదే తలుపేశాడట."

"ట్రెంట్ ఏమన్నాడట?"

మార్నా సంచీలోంచి ఒక కాగితం తీసింది. షెరిఫ్ ఆఫీసు ముద్ర కింద పెద్ద అక్షరాలు: ప్రమాదకర స్థితిలో ఉన్న వ్యక్తుల ఆయుధాల స్వచ్ఛంద అప్పగింత.

ఆర్డిస్ రెండుసార్లు చదివింది. "ఇది చదివి తలుపు తీసేవాడెవడే?" అంది.

"నాన్న అదే అన్నాడట. 'ఆయుధాలు అప్పగించడానికి నేనేం యుద్ధంలో ఓడిపోయానా' అని." మార్నా కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆంటీ, ఆ తుపాకులు ఆ ఇంట్లో ఉన్నంతకాలం నాకు కంటి మీద కునుకు ఉండదు. ఆయన ఎవరి మాటన్నా వింటే మీ మాటే."

విన్నాడా? ఆర్డిస్ మర్నాడే వెళ్లింది. వెళ్తూ వెళ్తూ క్లబ్బులో పిల్లలకు పంచే, తుపాకీకి బిగించే తాళాల తీగలు నాలుగు పట్టుకెళ్లింది. అదే ఆమె చేసిన పొరపాటు. వంటింట్లో నిలబడి, బస్సులో అల్లరి చేసేవాళ్లతో మాట్లాడే గొంతుతో, సురక్షితంగా భద్రపరచడం గురించి చెప్పింది. ఓర్విల్ చివరిదాకా విన్నాడు.

"అయిపోయిందా పాఠం?"

"ఓర్విల్..."

"నీకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది మా నాన్న. మా కంచె దగ్గరే. నువ్వొచ్చి నాకు తాళం ఎలా వెయ్యాలో చెప్తున్నావు." తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "నేను జాగ్రత్త లేనివాణ్ని కాదు, ఆర్డిస్."

కాదని ఆమెకూ తెలుసు. ఇంటికి వెళ్తూ దారిలో కారు ఆపి కాసేపు కూర్చుంది. తాను కూడా ఊరి పాత మాటే పట్టుకెళ్లింది. జాగ్రత్త. ఓర్విల్‌కు ఉన్న కష్టం జాగ్రత్త లేకపోవడం కాదు.

శుక్రవారం లూయెల్లా బార్‌లో చేపల వేపుడు. ఊరు ఊరంతా అక్కడే. అదే కాగితం తలుపు పక్కన, స్నోమొబైల్ క్లబ్బు పోస్టరు మీద అంటించి ఉంది. ఎవరో దాని మీద పెన్నుతో మీసాలు గీశారు.

"ఇవాళ ఆయుధాలు," అంటున్నాడు హార్లన్ ప్రిబిల్, బ్రాందీ గ్లాసు ఊపుతూ. "రేపు వంటింటి కత్తులు. ఎల్లుండి చేపల గాలాలు. లూయెల్లా, నీ నాలుకకి కూడా లైసెన్సు అడుగుతారు చూడు."

"నీ వంటకి ముందే అడగాల్సింది," అంది లూయెల్లా. "నీ మిరపకాయ సూప్‌తో మా తమ్ముడు మూడు రోజులు మంచం దిగలేదు."

"ప్రమాదకర వ్యక్తులట! ఎవరమ్మా ఇక్కడ ప్రమాదకరం? నేనా?"

"నువ్వు కాదులే. నీకు గురే లేదు."

నవ్వులు సద్దుమణిగాయి. ఆర్డిస్ తన పళ్లెం పక్కకు జరిపింది.

"హార్లన్, మీ ఆవిడ డార్లీన్ నిన్నొదిలి వెళ్లిపోయిన ఏడు నీ రైఫిల్ ఎక్కడుంది?"

హార్లన్ గ్లాసు దించాడు. పక్క బల్లవాళ్లు చేపముక్కల్లోకి చూశారు. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ ఎత్తరు.

"ఓర్విల్ దగ్గర," అన్నాడు చివరికి.

"అప్పగించావా?"

"అప్పగించడమేంటి టీచర్? క్యాంపు కదా. మేకుకి తగిలించాను."

టెస్కేల వేట క్యాంపులో ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం అడవిలోంచి వచ్చినవాళ్లంతా తూటాలు తీసి, తలుపు పక్కన ఉన్న మేకులకు తుపాకులు తగిలించాలి. చివరి తుపాకీ మేకెక్కే దాకా మొదటి బీరు సీసా మూత తీయరు. క్యాంపు పెద్ద వాటిని చూసి తల ఊపాలి. ఓటో టెస్కే పోయాక ఆ పెద్దరికం కొడుకు ఓర్విల్‌ది. బ్యాంకు మేనేజరైనా, పాస్టరైనా, తగిలించకుండా బల్ల దగ్గర కూర్చున్నవాడు లేడు. అది అవమానమని అనుకున్నవాడూ లేడు.

"ఇళ్లకి పోయే రోజున నాది తీసుకోబోయాను," అన్నాడు హార్లన్. గొంతు తగ్గింది. "ఓర్విల్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. 'అది ఇక్కడే వేలాడనీరా. వసంతం వచ్చాక తీసుకుందువు' అన్నాడు. సరే అన్నాను. ఎందుకని నేనడగలేదు. వాడూ చెప్పలేదు. మే నెలలో వెళ్తే, నూనె రాసి ఉంచాడు." గ్లాసు పక్కకు నెట్టి, "అది ఆయుధాల అప్పగింత కాదు టీచర్," అన్నాడు.

"అదే ఇది, హార్లన్," అంది ఆర్డిస్. "మాట ఒక్కటే తేడా."

మర్నాడు ట్రెంట్ వోజ్నిక్‌ను క్లబ్బుకు పిలిపించింది. షెరిఫ్ డిప్యూటీ అయినా చెక్కింట్లోకి రాగానే టోపీ తీసేశాడు. చిన్నప్పుడు అదే గదిలో రెండుసార్లు పరీక్ష తప్పాడు.

"టీచర్, ఆ మాటలు నేను రాయలేదు. పైనుంచి వచ్చాయి."

"పైనుంచి మంచు కూడా వస్తుంది. పారతో తీసి పక్కనెయ్యమూ?"

ట్రెంట్ నవ్వాపుకున్నాడు. క్లబ్బులో ఇనుప గది ఉంది. తాళం ఆమె దగ్గరే. పక్కింటివాడి తుపాకీ దాచిపెట్టడానికి చట్టం ఏమీ అడ్డురాదని ట్రెంటే చెప్పాడు. ఇద్దరూ కూర్చుని కొత్త కాగితం రాశారు. ముద్ర లేదు. రోజులు బాగాలేనప్పుడు మీ తుపాకీ మా మేకుకు తగిలించండి. బాగయ్యాక వచ్చి తీసుకోండి. కింద ఆమె ఫోన్ నంబరు.

"'ఎందుకని అడగం' అని కూడా రాద్దామా?" అన్నాడు ట్రెంట్. "హార్లన్‌ని ఓర్విల్ అడగలేదు కదా."

ఆర్డిస్ పెన్ను ఆగింది. వాక్యం అందంగానే ఉంది. మనిషిని భయపెట్టదు. వాళ్లమ్మ చెయ్యి మణికట్టు మీద ఎంత గట్టిగా పడిందో ఆమెకు గుర్తొచ్చింది. మెత్తటి మాట ఒకటి ఈ ఊళ్లో ముందే ఉంది. దాని కింద ఎంతమందిని పూడ్చారో ఆమెకు తెలుసు.

"వద్దు," అంది. "తుపాకీ గురించి మెత్తగా చెబుదాం. మనిషి సంగతి మాత్రం ఎవరో ఒకరు అడగాలి."

"ఎవరు?"

"ఫోన్ ఎత్తినవాళ్లు."

కొత్త కాగితం లూయెల్లా తానే అంటించింది. ఒకతను చించేశాడు. లూయెల్లా ఇంకొకటి అంటించి, "ఇది చించితే చేపలు లేవు" అని చెప్పింది. ఆ వారమే ఒక ముసలావిడ మతి తప్పుతున్న భర్త తుపాకీని దుప్పట్లో చుట్టి తెచ్చింది. ఆయన కూడా వెంట వచ్చి, తగిలించడం కళ్లారా చూసి, తృప్తిగా తల ఊపాడు. హార్లన్ తన బావమరిదిని తీసుకొచ్చాడు. ఆ బావమరిది గుమ్మంలో నిలబడి, "నేనేం పిచ్చివాణ్ని కాదు, రోజులు బాగాలేవు, అంతే," అన్నాడు. "తగిలించు," అంది ఆర్డిస్. తర్వాత అతన్ని కూర్చోబెట్టి, అడగాల్సింది అడిగింది.

ఓర్విల్ రాలేదు. బార్‌కూ రావడం మానేశాడు. కుక్కను మార్నా వెంట పంపేశాడని తెలిసిన రోజు, మధ్యాహ్నం భోజనం పొయ్యి మీదే వదిలేసి ఆర్డిస్ బయలుదేరింది.

పాక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల గడ్డి ఊడ్చి, నేల కడిగి ఉంది. ఓర్విల్ వంటింట్లో బల్ల దగ్గర ఉన్నాడు.

"మళ్లీ తాళాలా?"

"తాళాల్లేవు. కాఫీ పెట్టు."

పెట్టాడు. ఇద్దరూ తాగారు. చూరు నుంచి మంచు కరిగి ఒక్కో చుక్కా రాలుతోంది.

"హార్లన్ నీ సంగతి చెప్పాడు," అంది.

"ఏమని?"

"వాడి రైఫిల్ చలికాలమంతా నీ దగ్గర వేలాడిందని."

"మంచి రైఫిల్ అది. వాడి చేతిలో పడి పాడవుతోంది."

"ఎందుకు ఉంచుకున్నావు?"

ఓర్విల్ భుజాలెగరేశాడు. "వాడి మొహం చూశాను."

"నేనిప్పుడు నీ మొహం చూస్తున్నాను," అంది ఆర్డిస్. కప్పు కింద పెట్టింది. ఈ మాట అనడానికి ఆమెకు జీవితమంతా పట్టింది. "ఓర్విల్, చచ్చిపోవాలనిపిస్తోందా?"

అతను ఆమె వైపు చూడలేదు. లేచి, వెనక వసారాలోకి వెళ్లాడు. ఆర్డిస్ కుర్చీ అంచున కూర్చుండిపోయింది. అతను రైఫిల్ తెచ్చాడు, గొట్టం నేల వైపే ఉంది. బోల్ట్ లాగాడు. తూటా ఒకటి బయటికొచ్చి బల్ల మీద దొర్లి, చక్కెర గిన్నెకు తగిలి ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు.

"తుడుద్దామని తీశాను," అన్నాడు.

"తూటా పెట్టుకుని ఎవరూ తుడవరు, ఓర్విల్."

ఓర్విల్ రైఫిల్‌ను గోడకు ఆనించాడు.

"తుడవరు," అన్నాడు.

అప్పుడు కూర్చున్నాడు. పెద్ద చేతులు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు. ఆవులు లారీ ఎక్కిన రోజు గురించి చెప్పాడు. చివరిది ఎక్కనంటే తానే మెడ నిమిరి ఎక్కించాడు. అది తనను నమ్మి ఎక్కింది.

"పగలంతా ఎలాగో గడుస్తుంది," అన్నాడు. "పాలు పితికే వేళకి మెలకువొస్తుంది. లేస్తాను. బూట్లేసుకుంటాను. తలుపు దాకా పోయాక గుర్తొస్తుంది, పోవడానికేం లేదని. అప్పుడుంది చూడు..."

ఆర్డిస్ అతని ముంజేతి మీద చెయ్యి వేసి ఉంచింది. అతను తీయలేదు.

"అయితే," అన్నాడు ఓర్విల్, "నావి నీ మేకుకి తగిలించు."

"వసంతం దాకానా?"

"నేనడిగే దాకా."

"నువ్వడిగినప్పుడు మళ్లీ నీ మొహం చూస్తాను. ఆ తర్వాతే ఇస్తాను."

"అది నా మాటే కదా," అన్నాడు ఓర్విల్. పెదవి ఒక పక్క కదిలింది. "క్యాంపు నాది, మాట నాది, పెత్తనం నీది."

తుపాకులన్నీ ఇద్దరూ కలిసి కారులో పెట్టారు. తూటాల పెట్టెలు అతనే వెతికి వెతికి తెచ్చాడు. పాత కోటు జేబులో ఉన్నవి కూడా.

"మార్నాకి నువ్వు చెప్తావా?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

అతను గోడ దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, తుపాకులు క్లబ్బులో తగిలిస్తున్నాం," అన్నాడు. అవతల ఏదో అన్నారు. అతను కిటికీలోంచి పాక వైపు చూశాడు. "లేదు, తుడవడం గిడవడం కాదు. చచ్చిపోదామనుకున్నాను, మార్నా. ఇప్పుడే ఆర్డిస్‌తో అన్నాను. నీతోనూ అంటున్నాను." ఫోన్‌లోంచి కూతురి ఏడుపు వంటింటి మధ్యలోకి వినిపించింది. అతను ఏడవద్దనలేదు. "ఆ... ఆ... కుక్కని తీసుకురా," అన్నాడు. "ఆదివారం తీసుకురా."

గుమ్మం దగ్గర ఆర్డిస్ ఆగింది. "క్లినిక్‌లో డాక్టరమ్మకి చెప్పాలి."

"ఏం చెప్పాలి అక్కడ?"

"నాకు చెప్పిందే."

"ఎవరన్నా చూస్తే?"

"చూడనీ. హార్లన్ బావమరిది కూడా పోతున్నాడు. నీకు తోడుంటాడు."

"వాడా? వాడు రోజంతా చేపల గురించే వాగుతాడు." తలుపు పట్టుకుని ఆలోచించాడు. "చూద్దాంలే," అన్నాడు.

మర్నాడు ఇంకా చీకటిగానే ఉండగా ఆర్డిస్ లేచింది. బస్సు మానేసి కొన్నేళ్లయినా వేళ తప్పలేదు. ఫ్లాస్కు నిండా కాఫీ పోసింది, పేకముక్కలు కోటు జేబులో వేసుకుంది. కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకి, పాలు పితికే వేళకు ఓర్విల్ గుమ్మం ముందు ఆపింది. తలుపు తీసేసరికి అతను బూట్లు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే ఏం పని?" అన్నాడు.

"పనేం లేదు. క్లినిక్ తెరిచే దాకా పేకాడదాం."

అతను ఆమెను చూశాడు, ఆమె వెనకాల చీకట్లో పాకను చూశాడు. తర్వాత వంగి బూట్ల తాళ్లు విప్పాడు. ఆర్డిస్ దీపం వేసి, బల్ల మీద ముక్కలు పంచింది.